పొగబండీ – మేమూ

మా హాస్టల్లో రాత్రి పుస్తకాలు మూసే వేళకు జనగామ స్టేషను నుంచి ఒక కూత వినబడుతుంది. ఆ కూత విని టైము చెప్పగలిగేవాళ్ళు మా గదిలో ఉన్నారు. ఏ బండి వచ్చింది, ఏది ఆలస్యమైంది, గూడ్సా, ప్యాసింజరా అని పందెం కడతారు. ఓడినవాళ్ళు మర్నాడు పొద్దున గది ఊడ్వాలి. ఈ ఆట మొదట ఎవరు పెట్టారో తెలియదు గానీ ఓడేది మాత్రం ఎప్పుడూ భూపాలపల్లి వాళ్ళే.

మేము ఏడుగురం ఒకే గదిలో ఉంటాం. ఇద్దరిది జనగామ పక్క ఊళ్ళు. ముగ్గురిది మానుకోట, అంటే మహబూబాబాద్ వైపు. మిగిలిన ఇద్దరిది భూపాలపల్లి. దోస్త్‌లో సీటు ఎక్కడ వస్తే అక్కడికి వచ్చి చేరినవాళ్ళం. జనగామ, మానుకోటల వాళ్ళం పట్టాల పక్కన పుట్టాం. మాకు రైలంటే మా ఊరి చెరువులాంటిది. భూపాలపల్లికి మాత్రం ఈనాటికీ రైలు లేదు. అక్కడివాళ్ళను మేము "బస్సు బ్యాచ్" అని ఏడిపించేవాళ్ళం. ఒకరోజు వాళ్ళలో ఒకడికి కోపం వచ్చి, "మీ రైలు నడిచిందే మా బొగ్గుతో, తెలుసా?" అన్నాడు. అప్పుడు అందరం నవ్వాం. తరువాత తెలిసింది ఏమిటంటే, వాడు అన్నదాంట్లో సగం చరిత్ర ఉంది. మిగతా సగం వెతకడానికి మాకు మూడు నెలలు పట్టింది. ఈ వ్యాసం ఆ మూడు నెలల సంగతి.

దసరా సెలవుల ముందు మా వార్డెన్ సారు అందరినీ కూర్చోబెట్టి, "ఈసారి వార్షికోత్సవానికి గదికొక ప్రదర్శన పెట్టాలి, పత్రికకు గదికొక వ్యాసం రాయాలి" అన్నారు. పక్క గదివాళ్ళు మిషన్ కాకతీయ తీసుకున్నారు. మేము ఆవిరి ఇంజను తీసుకున్నాం. "మీకూ ఇంజనుకూ ఏం సంబంధం?" అని ఒకరు అడిగారు. ఆ ప్రశ్న మమ్మల్ని పట్టుకుంది.

మొదట పుస్తకాలు తిరగేశాం. ప్రపంచంలో రైలు పుట్టిన తొలి రోజుల గురించి చదువుతుంటే ఐర్లండ్ అనే చిన్న దేశం కనబడింది. అదీ మనలాగే ఆంగ్లేయుల పాలనలో నలిగిన దేశం. అక్కడ తొలి రైలు 1834 డిసెంబర్ 17న డబ్లిన్ నుంచి కింగ్స్‌టౌన్‌కు నడిచింది. ఆ ఇంజను పేరు హైబర్నియా, అంటే లాటిన్‌లో ఐర్లండ్ అనే అర్థం. విక్టోరియా రాణి గద్దెనెక్కింది ఆ తరువాత మూడేళ్ళకు, 1837లో. ఆ దేశంలోని కార్క్ నగరం స్టేషన్లో 36వ నంబరు ఇంజను ఒకటి ఇప్పటికీ భద్రంగా ఉంది. దాన్ని 1847లో లివర్‌పూల్‌లో తయారు చేశారు. 1847 అనగానే ఆగిపోయాం. ఐర్లండ్‌లో ఆలుగడ్డ పంట కుళ్ళిపోయి జనం లక్షలుగా చనిపోయిన కరువు 1845లో మొదలై 1849 దాకా నడిచింది. ఆ కరువు నడుమ తయారైన ఇంజను అది. జనం ఆకలితో పడిపోతుంటే ధాన్యం మాత్రం ఓడలెక్కి ఇంగ్లండ్‌కు పోయింది. ఆ స్టేషనుకు ఇప్పుడు థామస్ కెంట్ పేరు ఉంది. 1916 తిరుగుబాటు తరువాత ఆంగ్లేయులు కాల్చి చంపిన ఐరిష్ యోధుడు ఆయన. ఇంజనేమో దొరలది, స్టేషను పేరు మాత్రం తిరగబడినవాడిది! ఇది మాకు చాలా నచ్చింది.

మన దేశానికి వస్తే 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణాకు తొలి ప్రయాణికుల బండి నడిచింది. సాహిబ్, సింధ్, సుల్తాన్ అని మూడు ఇంజన్లు దాన్ని లాగాయి. మన నిజాం రాజ్యంలో 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. 1886లో అది జనగామ మీదుగా కాజీపేట, వరంగల్లు దాకా సాగింది. 1888లో డోర్నకల్లు, ఇల్లెందు చేరింది. 1889లో బెజవాడ దాకా పోయింది. అంటే మా జనగామ వాళ్ళూ మానుకోట వాళ్ళూ గొప్పలు చెప్పుకునే పట్టాలు మా తాతల తాతల కాలం నాటివి. మానుకోటకు మహబూబాబాద్ అనే పేరు ఆ కాలంలో రాజ్యమేలిన ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు మీదుగా వచ్చిందే.

రైలు ఇటువైపే ఎందుకు వచ్చింది? ఇక్కడే మా భూపాలపల్లి మిత్రుడి మాట నిజమైంది. ఇల్లెందు అడవిలో భద్రాచలం యాత్రికులు వంట చేసుకుంటుంటే పొయ్యి రాళ్ళే అంటుకున్నాయని పెద్దలు చెబుతారు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడ బొగ్గు ఉన్నదని తేల్చాడు. ఆ బొగ్గును బయటికి తేవాలంటే పట్టాలు కావాలి. పట్టాల మీద ఇంజను నడవాలంటే బొగ్గు కావాలి. బొగ్గు కోసం రైలు, రైలు కోసం బొగ్గు. దగ్గరలోని సింగరేణి గ్రామం పేరే 1920లో కంపెనీకి పెట్టారు. అప్పటికి భూపాలపల్లి గనుల మాట లేదు, అవి చాలా తరువాత వచ్చాయి. అందుకే మా మిత్రుడు అన్నదాంట్లో సగమే చరిత్ర అన్నాం. బొగ్గు సింగరేణిదే గానీ ఇల్లెందుది. అయినా మేము ఆ రోజు నుంచి "బస్సు బ్యాచ్" అనడం మానేశాం.

మరొక సంగతి కూడా చెప్పాలి. ఈ రైలు కోసం లండనులో కంపెనీ పెట్టారు, పెట్టుబడి మీద వడ్డీకి నిజాం ఖజానా పూచీ పడింది. అందుకే దానికి నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అని పేరు. లాభం వస్తే కంపెనీది, నష్టం వస్తే ఖజానాది, అంటే రైతుది. చాందా దాకా రైలు వేస్తామని 1883లో ఒప్పందం తయారవుతుంటే హైదరాబాదులో కొందరు చదువుకున్నవాళ్ళు "ఈ లెక్కలు జనానికి చూపించండి" అని అడిగారు. అఘోరనాథ్ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం వారిలో ముఖ్యులు. అడిగినందుకు అఘోరనాథ్‌ను రాజ్యం నుంచి వెళ్ళగొట్టారు. సరోజినీ నాయుడు తండ్రి ఆయనే. పోటీ పరీక్షల గైడులో ఇది ఒక్క మార్కు ప్రశ్న. కానీ లెక్క అడిగినందుకు ఊరు విడవాల్సి రావడం ఒక్క మార్కు సంగతి కాదని మాకు అనిపించింది.

ఇంతవరకు పుస్తకాల్లో దొరికింది. కానీ ఇంజనులో బొగ్గు వేసినవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఈలోగా దసరా సెలవులు అయిపోయాయి. ఆరుగురం తిరిగి వచ్చాం. ఆ మాట అన్న భూపాలపల్లి మిత్రుడు మాత్రం రాలేదు. ఫోను చేస్తే మొదట జ్వరమన్నాడు, తరువాత ఎత్తడం మానేశాడు. వాడి మంచం మీద పరుపు చుట్టి ఉంది. రాత్రి కూత వినబడినా ఎవరం పందెం కట్టలేదు.

ఒక ఆదివారం మేము ఆరుగురం పొద్దున బండికి మానుకోట పోయాం. రఘునాథపల్లి, ఘనపూర్, కాజీపేట, వరంగల్లు, నెక్కొండ, కేసముద్రం. ఆ స్టేషన్ల పేర్లు మాకు ఎక్కాల్లా వచ్చు. మా గదిలోని ఒకరి తాత ఆవిరి ఇంజన్ల కాలంలో ఒక షెడ్డులో కలాసీగా పని చేశాడు. ఎనభై ఏళ్ళు ఉంటాయి. వాడ చివర రేకుల ఇల్లు. మేము వెళ్ళేసరికి వేపచెట్టు కింద నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు.

"ఇంజను గురించి చెప్పు తాతా" అంటే ముందు నవ్వాడు. "గండ్ల ఏమున్నది బిడ్డా? నిప్పు, నీళ్ళు, మనిషి" అన్నాడు. తరువాత మధ్యాహ్నం దాకా చెబుతూనే ఉన్నాడు.

చల్లబడిన ఇంజనును లేపాలంటే గంటలు పడుతుంది. తెల్లారి పోవలసిన బండి కోసం రాత్రే పొయ్యి రాజెయ్యాలి. పొయ్యిలో పుట్టిన వేడి సన్నటి గొట్టాల గుండా బాయిలరులోని నీళ్ళను మరిగిస్తుంది. మా హాస్టల్ గుండిగ మీద మూత ఎగిరినట్లే, ఆవిరి సిలిండరులోని పిస్టనును తోస్తుంది. పిస్టను కడ్డీని, కడ్డీ చక్రాన్ని తిప్పుతుంది. పని అయిపోయిన ఆవిరి పొగగొట్టం గుండా ఎగజిమ్ముతుంది, పోతూ పోతూ పొయ్యిలోకి గాలిని గుంజుతుంది. ఆ ఎగజిమ్మే చప్పుడే చుక్ చుక్. చక్రం ఒక్క చుట్టు తిరిగితే నాలుగు చుక్‌లు. ఎంత బలంగా లాగితే పొయ్యి అంత బాగా మండుతుంది. "దాని ఊపిరి అదే పీల్చుకుంటది" అన్నాడు తాత. మా ఫిజిక్సు పుస్తకంలో రెండు పేజీల బొమ్మ ఆ ఒక్క మాటతో అర్థమైంది.

బొగ్గు వెయ్యడం అంటే పారతో ఎత్తి పడెయ్యడం కాదట. మూలలకు ఎక్కువ, నడుమ పల్చగా, పొయ్యి అంతటా సమానంగా పరచాలి. నల్లటి పొగ వచ్చిందంటే బొగ్గు దండగైందని అర్థం. అద్దపు గొట్టంలో నీటి మట్టం చూసుకుంటూ ఉండాలి. నీళ్ళు తగ్గితే బాయిలరులోని సీసపు బిరడా కరిగి ఆవిరి పొయ్యిలోకి దూకుతుంది. అది హెచ్చరిక. అదీ పట్టించుకోకపోతే బాయిలరు పేలుతుంది. ఇంజను తిరిగి వచ్చాక పొయ్యిలోని బూడిదనూ క్లింకరునూ పొడుగు ఊచలతో గీకి గుంతలోకి లాగాలి. ఆ గుంతలో దిగి పని చేసింది ఎక్కువగా మా వాడల వాళ్ళే. తాత చేతుల మీద మోచేతుల దాకా కాలిన మచ్చలున్నాయి. అవి చూపించేటప్పుడు ఆయన ముఖంలో బాధ లేదు. "ఇది డబ్ల్యూజీ, ఇది డబ్ల్యూపీ" అని ఇంజన్ల రకాల పేర్లతో మచ్చలను గుర్తు పెట్టుకున్నాడు. ఒకటి గూడ్సు ఇంజను, ఒకటి ఎక్స్‌ప్రెసు ఇంజను.

అవ్వ లోపలి నుంచి చాయ తెచ్చింది. బూడిద గుంత పక్కన పారబోసిన కుప్పల్లో సగం కాలిన బొగ్గు ఏరుకొచ్చి వాడంతా పొయ్యి వెలిగించుకున్న కాలం ఆమెది. "మీ తాత నిప్పు వేసిండు, నేను ఆ నిప్పు ఏరిన" అన్నది. షెడ్డులో అందరికీ పొయ్యి ఒకటేగానీ తాగే నీళ్ళకుండలు మాత్రం రెండు ఉండేవట. మేము ఏమీ అనలేకపోయాం.

అప్పుడు మాకు బాబాసాహెబ్ అంబేద్కర్ చిన్నప్పటి సంగతి గుర్తుకు వచ్చింది. 1901లో ఆయన అన్నతో, అక్క పిల్లలతో రైలెక్కి తండ్రి దగ్గరికి బయలుదేరి మసూర్ స్టేషన్లో దిగారు. రైలు వాళ్ళ కులం అడగలేదు. దిగాక స్టేషను మాస్టరు అడిగాడు. కులం తెలిశాక బండివాళ్ళెవరూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి వాళ్ళే తోలుకుంటే, బండివాడు పక్కన నడిచాడు. ఆవిరి ఇంజను దూరాలను దగ్గర చేసింది నిజమే. కానీ స్టేషను బయట ఉన్న దూరం దాని చేతిలో లేదు.

"మరి డ్రైవరు ఎందుకు కాలేదు తాతా?" అని అడిగాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఇంజను తుడిచే క్లీనరు, కలాసీ, ఆపైన ఫైర్‌మన్, ఆపైన డ్రైవరు. మెట్లు ఉన్నాయి. ఎక్కాలంటే రూల్సు పుస్తకం చదివి పరీక్ష రాయాలి. తాతకు వేలిముద్రే వచ్చు. "పని అంతా వచ్చు బిడ్డా. అక్షరం రాదు. నా చేతి కింద పని నేర్చినోళ్ళు డ్రైవర్లు అయిన్రు. నేను కలాసీగనే దిగిన" అన్నాడు. 1970లో చిత్తరంజన్‌లో మన దేశపు చివరి పెద్ద లైను ఆవిరి ఇంజను తయారైంది, దాని పేరు అంతిమ్ సితారా. 1995కల్లా పెద్ద లైన్ల మీద ఆవిరి బండ్ల కాలమే ముగిసింది. డీజిలు వచ్చింది, కరెంటు వచ్చింది. నాటి ఫైర్‌మన్ కుర్చీలో ఇవాళ అసిస్టెంట్ లోకో పైలట్ కూర్చుంటున్నాడు. పార లేదు, బూడిద లేదు. పరీక్ష మాత్రం ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు బండిలో ఎవరం ఎక్కువ మాట్లాడలేదు. అందరి మనసులోనూ ఆ చుట్టి ఉన్న పరుపే ఉంది.

తరువాతి ఆదివారం భూపాలపల్లి పోయాం. కాజీపేట దాకా రైలు, హనుమకొండలో బస్సు. పరకాల దాటాక రోడ్డు పక్క చెట్ల ఆకుల మీద నల్లటి దుమ్ము మొదలైంది. చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనబడ్డాయి. బొగ్గు లారీలు మా బస్సును దాటుకుంటూ పోయాయి. బొగ్గు రైలు కోసం తవ్వే కాలం పోయి కరెంటు కోసం తవ్వే కాలం వచ్చింది. ఆ కరెంటుతోనే ఇప్పుడు రైళ్ళూ నడుస్తున్నాయి. అంటే మా మిత్రుడి మాట ఈ రోజుకు పూర్తిగానే నిజం. బొగ్గు ఊరికి మాత్రం ఇంకా బస్సే.

వాడి ఇంట్లో సంగతి తెలిసింది. కాంట్రాక్టు కూలీగా పని చేసే వాళ్ళ నాన్నకు కాలు విరిగింది. పని ఇచ్చినవాళ్ళు ఆసుపత్రి ఖర్చు కొంత ఇచ్చి చేతులు దులుపుకున్నారు. ఇంటికి పెద్దకొడుకు కాబట్టి వాడు లారీ మీద పనికి కుదిరాడు. ఏ పని అని అడిగితే తల వంచుకుని "క్లీనరు" అన్నాడు.

ఆ మాట వినగానే మాకు వేపచెట్టు కింద తాత కనబడ్డాడు. మేము వాడికి నీతులు చెప్పలేదు. చెప్పే అర్హత మాకు లేదు. వాడి ఇంట్లో బియ్యం డబ్బా ఎంత ఖాళీగా ఉందో కళ్ళారా చూశాం. తాత చెప్పినదంతా వరసగా చెప్పాం, అంతే. క్లీనరు, కలాసీ, ఫైర్‌మన్, డ్రైవరు, మెట్లు, వేలిముద్ర. మంచం మీద కాలు చాపి కూర్చున్న వాళ్ళ నాన్న అంతా విన్నాడు. వాళ్ళమ్మ చాయ గ్లాసులు తీస్తూ, "డిగ్రీ అయిపోవడానికి ఇంకెన్ని నెలలు?" అని అడిగింది. "ఏడాదిన్నర అమ్మా" అన్నాం. ఆమె వేళ్ళ మీద ఏదో లెక్క కట్టుకుంది. ఆ లెక్క ఏమిటో మాకు తెలియదు. చివరికి, "నేను కూలికి పోతా. వాడ్ని తీస్కపోన్రి" అన్నది. వాళ్ళ నాన్న "పో" అన్నాడు.

వాడు నవంబరులో తిరిగి వచ్చాడు. హాజరు తగ్గితే స్కాలర్‌షిప్ ఆగుతుందని భయపడ్డాం. వార్డెన్ సారు కాలేజీకి వచ్చి మాట్లాడారు. వాడు సెలవుల్లో ఇంటికి పోయి నాలుగు రోజులు పని చేసి వస్తున్నాడు. కష్టం తీరిపోయిందని మేము అబద్ధం రాయలేం. కానీ ఇప్పుడు రాత్రి కూత వినబడితే పందెం కట్టేది ముందు వాడే. ఈ మధ్య గెలుస్తున్నాడు కూడా. రైల్వే పరీక్షల పుస్తకం ఒకటి కొన్నాం, ఏడుగురికీ అదే పుస్తకం. చింపకుండా వంతులేసుకుని చదువుతున్నాం.

ఇక మా ప్రదర్శన సంగతి. నూనె డబ్బాతో బాయిలరు, సైకిలు పుల్లలతో కడ్డీలు, అట్టలతో చక్రాలు, రంగు డబ్బా మూతతో పొగగొట్టం చేశాం. నిజమైన ఆవిరితో నడపాలని చూస్తే వంటశాలలో అన్న వద్దన్నాడు, "హాస్టల్ తగలబెడతారా?" అని. కాబట్టి చేత్తో తిప్పే పిడి పెట్టాం. తిప్పితే చక్రం తిరుగుతుంది, పిస్టను ఆడుతుంది. పొయ్యిలో ఎర్ర కాగితం పెట్టాం. భూపాలపల్లి నుంచి తెచ్చిన నిజమైన బొగ్గు పెళ్ళ ఒకటి ముందు పెట్టాం.

పేరు పెట్టే దగ్గర గొడవైంది. పాత ఇంజన్లకు అందమైన పేర్లు ఉండేవి కదా: హైబర్నియా, సాహిబ్, సుల్తాన్, ఫెయిరీ క్వీన్. దేశం పేరో, దొర పేరో, రాణి పేరో. జనగామ వాళ్ళం ఐలమ్మ పేరు పెడదామన్నాం. ఆమె పాలకుర్తి మా జిల్లాదే. మానుకోట వాళ్ళు వేరే పేరు అన్నారు. అప్పటిదాకా మాట్లాడకుండా చక్రానికి రంగు వేస్తున్న భూపాలపల్లి మిత్రుడు కుంచె తీసుకుని ఇంజను పక్కన తెల్ల రంగుతో "కలాసీ" అని రాశాడు. ఎవరం కాదనలేదు.

వార్షికోత్సవం నాడు అందరూ వచ్చి చూడాలని మా కోరిక. మానుకోట తాతను తీసుకురావడానికి మాలో ఇద్దరు ముందు రోజే పోతున్నారు. ఇంజను ముందు నిలబడి ఎలా పని చేస్తుందో ఆయనే చెబుతాడు. మా మిత్రుడి నాన్న కూడా చేతికర్రతో వస్తానన్నాడు. హనుమకొండ దాకా బస్సు, కాజీపేటలో రైలు. ఆయన చిన్నప్పటి నుంచి బొగ్గు మోశాడు గానీ రైలు ఎక్కడం మాత్రం ఇదే మొదటిసారట. కిటికీ పక్క సీటు పట్టి ఉంచమని కొడుక్కి ఫోనులో చెప్పాడు. ఆ రోజు మేము ఏడుగురం కాజీపేట పోయి, బండి ఆగగానే ముందు ఎక్కి, ఆయనకు కిటికీ సీటు పడతాం.